మోటార్ సైకిల్ మీద వచ్చిన కొడుకు

మా అమ్మమ్మకు ముగ్గురూ ఆడపిల్లలే. ఆమెకు ఎప్పుడో పుట్టాల్సిన కొడుకు, మోకాళ్లు అరిగి చేతికర్ర పట్టుకున్న వయసులో, ఒక ఎండాకాలం మధ్యాహ్నం మోటార్ సైకిల్ మీద వచ్చాడు. వాకిట్లో బండి ఆపి మంచినీళ్లు అడిగాడు. చెంబెడు నీళ్లు గటగటా తాగి, మూతి తుడుచుకుని, ఆమె ముఖంలోకి తేరిపార చూసి, "అచ్చం మా అమ్మ లెక్కనే ఉన్నవు" అన్నాడు. వాళ్లమ్మ పోయి ఏడాది కూడా కాలేదట. అమ్మమ్మ ఆ పూట వాడికి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి గాని పంపలేదు. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి రొట్టెలన్నీ అయిపోయాయి. వాడి మీద నాకు మొదటి కోపం అలా వచ్చింది. మిగతా కారణాలు తర్వాత వాటంతటవే కలిసొచ్చాయి.

నేను అప్పుడు అమ్మమ్మ దగ్గర కొండాపూర్‌లో ఉండేదాన్ని. మా నాన్న జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, అమ్మానాన్నల కాపురం అక్కడే. నాకేమో మాదాపూర్ వైపు ఒక కంపెనీలో కంప్యూటర్ మీద టైపు కొట్టే ఉద్యోగం దొరికింది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలని, లోపలంతా చల్లగా ఉంటుందని, ఎవరూ గట్టిగా మాట్లాడకూడదని చెబితే అమ్మమ్మ, "నౌకరికి పోతున్నవా, గుడికి పోతున్నవా" అని అడిగింది. ముసలామెకు తోడుంటుంది, పిల్లకు బస్సుల బాధ తప్పుతుంది అని నన్ను అక్కడ పెట్టారు. ఎవరికి ఎవరు తోడో ఇప్పటికీ తేలలేదు.

కొండాపూర్ అప్పటికి ఇంకా ఊరే. బండరాళ్లు, సీతాఫలం చెట్లు, మధ్యమధ్య జొన్న చేలు. కానీ మాదాపూర్ దిక్కున గుండ్రటి పెద్ద బిల్డింగు లేవడం మొదలైన దగ్గర్నుంచి లారీల దుమ్ము మా వాకిలి దాకా వచ్చేది, దుమ్ము వెనకే తెల్లచొక్కాల బ్రోకర్లు వచ్చేవారు. ఈ చెలక ఎవరిది, పట్టా ఎవరి పేరు మీద ఉంది అని అడగడమే వాళ్ల పని. రోడ్డును ఆనుకుని ఉన్న మా చెలక తాత పోయాక అమ్మమ్మ పేరు మీదికి వచ్చింది. వాన పడితే జొన్నలు, పడకపోతే రాళ్లు. ఆమె బతుకంతా దాని మీదే గడిచింది. అమ్ముతావా అని ఎవరడిగినా ఆమె జవాబు ఒకటే. "నేను పోయినంక నా బిడ్డలు పంచుకుంటరు. నేనున్నన్ని రోజులు నా రొట్టె నా చెలకల్నుంచే రావాలె."

మోటార్ సైకిల్ వాడు మాత్రం చెలక మాటే ఎత్తలేదు. ఒకసారి బత్తాయిలు తెచ్చాడు, ఒకసారి మోకాళ్లకు రాసుకునే తైలం తెచ్చాడు. ఒకసారి ఏకంగా బండి మీద కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకెళ్లి తెచ్చాడు. మా నాన్న స్కూటర్ ఎక్కమంటే, అల్లుడి వెనక కూర్చుంటారా ఎక్కడన్నా అని సిగ్గుపడే మనిషి, కొడుకు బండి కాబట్టి దర్జాగా ఎక్కింది. దిగాక కూడా వాడకట్టు మొత్తానికి కనబడేలా కాసేపు దాని పక్కనే నిలబడింది.

నాకు వాడి మాటతీరు మింగుడుపడలేదు. మా ఇంట్లో "అమ్మా, జర ఫికర్ జెయ్యకు" అనేవాడు. మా వెనక గల్లీలో కోస్తా నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్న రిటైర్డ్ టీచరమ్మ ఒకామె ఒంటరిగా ఉండేది. అక్కడ "మీరు కంగారు పడకండి అమ్మమ్మగారూ" అంటూ కాఫీ తాగడం నేను గోడ మీదుగా విన్నాను. సరే, మనిషికి రెండు యాసలు ఉండొచ్చు. కానీ అక్కడ చచ్చిపోయింది వాళ్లమ్మ కాదు, వాళ్ల అమ్మమ్మ. ఆమె కూడా అచ్చం టీచరమ్మలాగే ఉండేదట. ఈ సంగతి చెబితే అమ్మమ్మ, "పాపం, ఇద్దర్ని పోగొట్టుకున్నడు" అని కళ్లు ఒత్తుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

వానలు పడే వేళకు అసలు మాట బయటికొచ్చింది. అమ్మమ్మ కడుపులో నీళ్లు ఆగుతాయి గాని మాట ఆగదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ తనంతట తానే ఎత్తుకుంది.

"సర్కారోళ్లు రోడ్డు పేరు జెప్పి చెలక గుంజుకుంటరట. ముసలిదాని పేరు మీద ఉంటే ఎవ్వడు లెక్కజెయ్యడట. నా కొడుకు పేరు మీద పవర్ కాగితం రాసిస్తే ఆయన కొట్లాడి ఆపుతడట."

"నీ బిడ్డలకు చెప్పినవా?" అన్నాను.

"చెప్పొద్దన్నడు. అల్లుళ్లకు తెలిస్తే లొల్లి అయితదట. తల్లీకొడుకుల మధ్యల ఉండాల్నట. నీక్కూడ చెప్పొద్దన్నడు."

"మరి చెప్పినవు గద."

"నువ్వు ఇంట్లనే ఉంటవు, నీకు చెప్పకుంట ఎట్ల?"

మర్నాడు కడుపునొప్పి అని ఆఫీసు ఎగ్గొట్టి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయాను. బయట టైపు మిషన్ ముందు కూర్చుని దస్తావేజులు రాసే ఆయన్ను పట్టుకుని అడిగితే, ఆయన తల కూడా ఎత్తకుండా చెప్పాడు. ఆ పవర్ ఇచ్చిన సాయంత్రమే వాడు చెలకను ఎవరికైనా అమ్ముకోవచ్చట, అమ్మమ్మకు చెప్పాల్సిన పని కూడా లేదట. మొన్ననే ఒక ముసలాయన వేలిముద్ర వేసి వెళ్లి, తన పొలానికి తాను పోతే కావలివాడు రానివ్వలేదని ఏడ్చుకుంటూ ఇక్కడికే తిరిగొచ్చాడట.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అంతా చెప్పాను. వాడు దొంగ అన్నాను, లుచ్చా అన్నాను, పోలీసులకు పట్టిస్తా అన్నాను. నా గొంతు మూడిళ్ల అవతలికి వినిపించి ఉంటుంది. అమ్మమ్మ చేట పక్కన పెట్టింది. కోపం వచ్చిందనుకున్నాను, లేకపోతే భయం వేసిందనుకున్నాను.

"ఆయన నన్ను అమ్మ అన్నడా లేదా?" అని అడిగింది.

"అన్నడు."

"మరి కొడుకైనోణ్ణి అక్కచెల్లెండ్లకు చూపియ్యకుంట, కులపోళ్లకు చూపియ్యకుంట ఎట్ల కాగితం రాస్త? దొంగతనంగ కొడుకు ఉంటడా ఎవ్వలికన్న?"

ఇందులో ఆమె వ్యూహం ఎంత, అమాయకత్వం ఎంత అని నేను ఆనాటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ క్షణంలో మాత్రం ఇక ఈమెతో పెట్టుకుని లాభం లేదని, మా అమ్మకు కబురు చేశాను.

అప్పుడే మా చిన్నమ్మ ఇంట్లో ఒక చిక్కు నడుస్తోంది. శేరిలింగంపల్లిలో ఉండే మా ఆఖరి చిన్నమ్మకు పెళ్లయిన చాలా ఏళ్లకు కొడుకు పుట్టాడు. ఏడాది నిండకముందే పోచమ్మ గుడి దగ్గర వాడి పుట్టువెంట్రుకలు తీయాలి. మాలో ఆ పని మేనమామ ఒడిలోనే జరగాలి. పిల్లవాడిని ఒడిలో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేసేది ఆయనే. కొత్తబట్టలూ వెండి మొలతాడూ ఆయన చేతి మీదుగానే రావాలి. అమ్మమ్మకు కొడుకులు లేరు కాబట్టి పిల్లవాడికి మేనమామ లేడు. వరసకు ఎవరిని కూర్చోబెట్టాలా అని నెల రోజులుగా తర్జనభర్జన పడుతున్నారు. ఇంతలో దేవుడిలా వాడు మోటార్ సైకిల్ దిగాడు.

తర్వాతి వారం వాడు కాగితం మాట ఎత్తగానే అమ్మమ్మ ఈ సంగతి చెప్పింది. నేను తలుపు వెనక నుంచి వాడి ముఖం చూశాను. పంచదార అనుకుని ఉప్పు నోట్లో వేసుకున్నట్టు అయ్యాడు.

"గంతమందిల నేనెందుకు అమ్మా. ముందుగాల కాగితం పని జేసుకుందాం" అన్నాడు.

"కాగితం ఏడికి పోతది బిడ్డా? పిలగాని ఎంటికలు ఆగుతయా? మేనమామవు నువ్వుండంగ బయటోని ఒళ్లె కూసోవెడితే నా బిడ్డ ఏడుస్తది. పుట్టెంటికలు కానియ్, తెల్లారి నువ్వు ఏడ వేలెయ్యుమంటే ఆడ ఏస్త."

ఆ ఒక్క ముక్క వాడిని పట్టేసింది. వస్తానన్నాడు.

వచ్చాడు కూడా. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చేతిలో బట్టల సంచి, చిన్న డబ్బీలో వెండి మొలతాడు. పోచమ్మ గుడి దగ్గర మా వాళ్లంతా షామియానా వేసుకుని, యాటను కోసి, పొయ్యిల మీద బగారా అన్నం ఎక్కించి ఉన్నారు. నేను ముందే చెప్పి ఉంచినందున మా అమ్మ కళ్లల్లో నిప్పులు పోసుకుని వచ్చింది. కానీ మా అమ్మ ఎంతైనా అమ్మమ్మ కూతురు. గొడవ పెట్టుకోలేదు. "దా తమ్మీ, గిన్నేండ్లు ఏడ వోయినవు" అని చేయి పట్టుకుని తీసుకెళ్లి చుట్టాల మధ్యలో కూర్చోబెట్టింది.

మా చుట్టాల మధ్యలో కూర్చోవడమంటే ఏమిటో వాడికి తెలియదు. కొత్త మనిషి కనబడితే వాళ్లకు కల్లు కూడా అక్కరలేదు. ఏ ఊరు, ఎవరి బిడ్డవు, ఇంటిపేరేంది, ఎవరింట్ల పిల్లను చేసుకున్నవు, నీ భార్య ఏది, పిల్లలేరి, తోల్కరాలేదేంది. వాడు సంగారెడ్డి దగ్గర ఊరేదో చెప్పాడు. ఆ ఊరికి కోడలుగా పోయిన ముసలమ్మ షామియానా ఆ కొస నుంచి లేచి వచ్చి, "మా ఊరా? ఏ వాడకట్టు? మీ ఇంటి దర్వాజ ఏ దిక్కుంటది?" అని పక్కనే చతికిలబడింది. వాడు నీళ్లు తాగాడు. మళ్లీ తాగాడు. ఇంకెవరో నన్ను చూపించి, "మేనమామ దొరికిండు గద పోరీ, ఇగ లగ్గం జేసుడే" అన్నారు. మాలో మేనమామను చేసుకోవడం ఉంది మరి. అందరూ పడీపడీ నవ్వారు. నవ్వనిది మేమిద్దరమే. ఆ రోజు మొత్తంలో వాడికీ నాకూ మధ్య కుదిరిన ఒకే ఒక్క ఏకాభిప్రాయం అది.

పిల్లవాడిని ఒడిలో పెట్టారు. వాడు మొదటి కత్తెర వేశాడు. గుండు గీసే ఆయన పని మొదలుపెట్టగానే పిల్లవాడు ఊరు లేచేలా ఏడ్చి, మేనమామ తెల్ల ప్యాంటు మీద పని కానిచ్చేశాడు. "శుభం, శుభం" అన్నారు ముసలివాళ్లు. ఏడుస్తున్న పిల్లవాడిని భుజాన వేసుకుని వాడు అటూ ఇటూ తిప్పుతుంటే, పిల్లవాడు కాసేపటికి వాడి మెడ మీదే నిద్రపోయాడు. అప్పుడు వాడి ముఖం చూసి, నాకు లేని అనుమానం ఒకటి కొత్తగా వచ్చింది. వీడికి నిజంగానే ఇంట్లో పిల్లలున్నారేమో అనిపించింది.

ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడింది నేను. కుర్చీలో అమ్మమ్మ, పక్కన పిల్లవాడితో కొడుకు, చుట్టూ బిడ్డలు, అల్లుళ్లు. వాడు పిల్లవాడి గుండు వాసన చూస్తున్నట్టు తల వంచాడు. రెండోసారి తీయించాను. మళ్లీ వంచాడు. మూడోసారి అమ్మమ్మే వాడి గడ్డం కింద వేలు పెట్టి, "కొడుకా, ముఖం మీదికి లేపు, మంచిగ పడాలె" అని ఎత్తింది. ఫ్లాష్ వెలిగింది.

భోజనాల దగ్గర వాడు అమ్మమ్మ చెవిలో మెల్లగా రేపటి సంగతి గుర్తు చేశాడు. అమ్మమ్మకు మెల్లగా మాట్లాడటం రాదు. నోట్లో ముద్ద ఉండగానే అందరికీ వినబడేలా చెప్పింది.

"రేపు నా కొడుకు నన్ను రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తోల్కపోతడట. చెలక కాగితం రాసేది ఉంది. అందరు రాండ్రి."

షామియానా కింద తలలన్నీ అటు తిరిగాయి. తర్వాత మా నాన్న, "ఫ్యాక్టరీకి సెలవు పెడ్త" అన్నాడు. మా చిన్నాన్న, "నా ట్రాక్టర్ ఉంది, అందరం ఎక్కొచ్చు" అన్నాడు. సంగారెడ్డి ముసలమ్మ తాను ఎన్నడూ రిజిస్ట్రేషన్ ఆఫీసు చూడలేదని, తప్పకుండా వస్తానని చెప్పింది. వాడు తలకాయ కూర వడ్డించుకుని, అది తినకుండానే చేయి కడుక్కుని, రేపు ఆఫీసు దగ్గరే కలుస్తానని బండెక్కాడు.

తెల్లారి నిజంగానే ట్రాక్టర్ ట్రాలీ నిండా వెళ్లాం. పండక్కి పోతున్నట్టు ఆడవాళ్లు పూలు కూడా పెట్టుకున్నారు. అమ్మమ్మ టిఫిన్ డబ్బాలో నిన్నటి కూర వేడి చేసి, కొడుకు నిన్న సరిగా తినలేదని కట్టించింది. ఆఫీసు ముందు వేపచెట్టు నీడలో కూర్చున్నాం. ఒంటిగంట అయింది. ఆఫీసు వాళ్లు అన్నం తిని వచ్చారు. మోటార్ సైకిల్ చప్పుడు వినబడినప్పుడల్లా అమ్మమ్మ కర్ర పట్టుకుని సగం లేచేది. మా వాళ్లు ఒకరినొకరు చూసుకుని మూతులు బిగించుకుంటున్నారు. నాకైతే ఎగిరి గంతేయాలని ఉంది. చెప్పానా లేదా అనే మాట నాలుక చివర దురద పెడుతోంది. అమ్మమ్మ వైపు తిరిగాను. ఆమె అందరిలా నాటకం చూడటం లేదు, ఎదురుచూస్తోంది.

గేటు మూసే వేళకు డబ్బా విప్పి, ఆ కూర దస్తావేజులు రాసే ఆయనకు పెట్టింది. ట్రాలీ ఎక్కేటప్పుడు ఒక్క మాటే అంది.

"ఏడ తిన్నడో ఏమో."

ఇంటికొచ్చాక మా ఆడవాళ్ల నోళ్లు తెరుచుకున్నాయి. మొదటి తీర్పు మొలతాడు మీద పడింది. అది వెండి అయితే నా చెవులు కోసుకుంటా అంది మా అమ్మ. గిలిటుది అని ఒకరు, సత్తుది అని ఒకరు. చిన్నమ్మ పిల్లవాడి నడుము నుంచి దాన్ని విప్పి, మరుసటి రోజు కంసాలి దగ్గరికి పట్టుకుపోయింది. ఆయన రాయి మీద గీసి, మందు చుక్క వేసి చూశాడు.

"అసలు వెండే. మంచి సరుకు" అన్నాడట.

ఈ మాట వచ్చి చెప్పినప్పుడు అమ్మమ్మ జొన్నపిండి కలుపుతోంది. ఆ పూట రొట్టెలు చేస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. నాకు మళ్లీ కోపం వచ్చింది, ఈసారి ఎవరి మీదో అర్థం కాలేదు. చెలక కొట్టేద్దామని వచ్చినవాడు అసలు వెండి ఎందుకు కొన్నాడు? నమ్మించడానికే అంటుంది మా అమ్మ. అయ్యుండొచ్చు. నేను మా అమ్మ చెవుల వైపు చూశాను.

ఫొటోలు కడిగించి తెచ్చాను. ఒక కాపీ మా నాన్న పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి వచ్చాడు. ఒకటి, మా మేనమామ అని, నేను టీచరమ్మకు చూపించాను. ఆమె కళ్లజోడు తుడుచుకుని చూసి, "ఈ అబ్బాయి మీకు మేనమామ ఎలా అవుతాడండీ, నాకు మనవడు కదా" అంది. అంతలోనే విషయం అర్థమై మంచం మీద కూలబడింది. ఆ వారమే ఇంటి కాగితాలు వాడి చేతికి ఇవ్వాల్సి ఉందట. వాటిని మళ్లీ పెట్టెలో పెట్టి తాళం వేసి, ఆ సాయంత్రం మొదటిసారి మా ఇంటికి వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది. ఒకరి యాస ఒకరికి సగమే అర్థమయ్యేది గాని, ఇద్దరూ కలిసి వాడిని తిట్టిన తిట్లు మాత్రం బాగానే కలిశాయి. తర్వాత రోజూ సాయంత్రం ఆమె వచ్చేది. అమ్మమ్మకు కాఫీ అలవాటయింది.

పెద్ద ఫొటో ఒకటి అద్దం కట్టించి అమ్మమ్మ గోడకు పెట్టించింది. దొంగ ఫొటో ఇంట్లో ఏందని నేను తగువు పెట్టుకున్నాను. "నా మనుమని పుట్టెంటికల ఫొటో" అంది, అక్కడితో తగువు అయిపోయింది.

ఆ తర్వాత బ్రోకర్లు ఇంకా ఎక్కువయ్యారు. కొత్త బిల్డింగు అద్దాలు తొడుక్కుంది, చెలక ముందు రోడ్డుకు తారు పడింది. వచ్చినవాళ్లలో తియ్యగా మాట్లాడేవాళ్లు కూడా తక్కువేం లేరు. ఒకతను నా ఎదురుగానే వంగి అమ్మమ్మ కాళ్లు మొక్కి, అమ్మా అని మొదలుపెట్టాడు. అమ్మమ్మ అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. కర్రతో గోడ మీది ఫొటో చూపించింది.

"నాకు కొడుకున్నడు బిడ్డా. ఆయన్ను అడగకుంట నేనేం జెయ్య."

"ఏడుంటడమ్మా? నేనే పోయి మాట్లాడుత."

అమ్మమ్మ ఫొటో వైపు చూసింది. తాను వేలితో పైకెత్తిన ఆ ముఖం వైపు కాసేపు అలాగే చూసింది.

"రిజిస్ట్రేషన్ ఆఫీసు కాడ కలుస్తనన్నడు. ఇంక రాలే. పోయి ఆడ కూసో, వస్తే నాక్కూడ కబురు జెయ్యి."